టిక్కీ లోపల, టోకెన్ బయట

మా గరికిపాలెం మిర్చి రైతుల సహకార శీతల గిడ్డంగి సంఘంలో ఫిర్యాదుల పెట్టె ఒకటి ఉంది. దాని తాళంచెవి ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. పెట్టె మాత్రం నిండిపోయింది. పెట్టెలో పట్టని కాగితాలను రైతులు నేరుగా అధ్యక్షులు వీరాంజనేయులు గారి చేతిలోనే పెట్టడం మొదలుపెట్టారు. సంస్కరణలన్నీ ఇలాంటి బాధల్లోంచే పుడతాయి. మా సంఘంలో వికేంద్రీకరణ కూడా అలాగే పుట్టింది.

నేనా సంఘంలో గుమాస్తాని. పేరు పిచ్చేశ్వరరావు. మావైపు ఎండుమిర్చి గోతాన్ని టిక్కీ అంటారు, శీతల గిడ్డంగిని ఏసీ అంటారు. రైతు టిక్కీ తెచ్చి ఏసీలో పెడితే నేనొక బాండు రాసిస్తాను. కాయ లోపల చల్లగా పడుకుని ఉంటుంది, బాండు రైతు జేబులో తిరుగుతూ ఉంటుంది. ధర బాగుంటే బాండు అమ్ముకుంటాడు. అవసరం పడితే దాని మీద అప్పు తెచ్చుకుంటాడు. కాయే కావాలంటే బాండు నా మొహాన కొట్టి టిక్కీ దించుకుపోతాడు. ఏసీ కట్టిన నాటినుంచీ ఇదే పద్ధతి. ఇందులో ఏదో విశేషం ఉందని మాకెవరికీ తోచలేదు. తోచకపోవడమే మా వెనకబాటుతనమని దక్షిణామూర్తి గారు వచ్చాకే తెలిసింది.

దక్షిణామూర్తి గారు డిజిటల్ పరివర్తన ప్రత్యేకాధికారి. గోవాలో శిక్షణ ముగించుకుని, ఎండకు ముఖం నల్లబడి, తిన్నగా మా పాలకవర్గ సమావేశానికి వచ్చారు. వస్తూనే లాప్‌టాప్ తెరిచి మావైపు తిప్పారు.

"గౌరవ సభ్యులారా, ఇందులో ప్రస్తుతం ఒక ఎక్స్ఛేంజి నడుస్తోంది. దీనికి భవనం లేదు. మేనేజరు లేడు. కౌంటరు లేదు. దీన్ని వికేంద్రీకృత ఎక్స్ఛేంజి అంటారు."

"గొడవొస్తే ఎవరి దగ్గరికి పోతారండీ?" అని అధ్యక్షులవారు అడిగారు.

"ఎవరి దగ్గరికీ పోరు. అక్కడ ఎవరూ ఉండరు."

"ఫిర్యాదు ఇయ్యటానిక్కూడా?"

"కోడ్ ఉంటుంది. కోడ్ ఫిర్యాదులు తీసుకోదు."

అధ్యక్షులవారు కుర్చీలో ముందుకు జరిగారు. సమావేశాల్లో ఆయన వెనక్కి వాలడం, కాసేపటికి కళ్ళు మూసుకోవడం చూశాను గానీ ముందుకు జరగడం అదే చూడడం. ఆయన కళ్ళలో తడి కూడా కనిపించింది.

దక్షిణామూర్తి గారు విషయంలోకి దిగారు. "క్రిప్టో నాణేన్ని తీసుకెళ్ళి తాళం వేయించడాన్ని స్టేకింగ్ అంటారు. తాళంలో ఉన్నంత కాలం దాని మీద ప్రతిఫలం వస్తుంది. అయితే నాణెం తాళంలో ఉంటే మన చేయి ఖాళీ కదా! అందుకని దానికి బదులు ఒక టోకెన్ ఇస్తారు. దాన్నే లిక్విడ్ స్టేకింగ్ టోకెన్ అంటాం. నాణెం లోపల సంపాదిస్తుంది, టోకెన్ బయట చేతులు మారుతుంది. ఈ ఎక్స్ఛేంజిలో మనమిప్పుడు కొనబోయేది ఆ టోకెన్నే."

"ఇది మన బాండే గదండీ?" అన్నాను, నోరు ఊరుకోక.

ఆయన నావైపు జాలిగా చూశారు. "బాండు మీరు రాస్తారు. అంటే మధ్యలో మీరున్నారు. మనిషి మధ్యలో ఉంటే అతన్ని నమ్మాల్సి వస్తుంది. ఎవరినీ నమ్మనవసరం లేని వ్యవస్థే నమ్మదగిన వ్యవస్థ."

సభ్యులు చప్పట్లు కొట్టారు. మినిట్స్‌లో హర్షధ్వానాలు అని రాయాలి కాబట్టి నేనూ కొట్టాను.

ప్రయోగాత్మకంగా రైతు చైతన్య నిధిలోంచి పదివేలు తీసి కొనాలని తీర్మానించారు. తీరా నొక్కబోయే వేళకి రాహుకాలం అని ఎవరో గుర్తుచేశారు. అది దాటేదాకా అందరం టీ తాగుతూ కూర్చున్నాం. ఈలోగా తెర మీద ధర మారిపోయింది. "చూసిన ధరకీ దక్కిన ధరకీ మధ్య కొంత తేడా రావచ్చు. ముందే ఒప్పుకున్నట్టు ఇక్కడ నొక్కాలి," అన్నారు దక్షిణామూర్తి గారు. దేనికి ఒప్పుకుంటున్నామో తెలియకుండా ఒప్పుకోవడం మా పాలకవర్గానికి కొత్తేమీ కాదు. లాప్‌టాప్ ముందు కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు దాని మీద పడకుండా తువ్వాలు అడ్డం పెట్టి, అధ్యక్షులవారు చూపుడువేలితో నొక్కారు. తెర మీద ఒక చక్రం తిరిగి తిరిగి ఆగింది. సున్నా, చుక్క, ఆ తర్వాత బోలెడు అంకెలు వచ్చాయి.

"ఇదేనా?" అన్నారు అధ్యక్షులవారు.

"ఇదే."

"పట్టుకోటానికి?"

"పట్టుకోవడానికేమీ ఉండదు. అదే దీని గొప్ప."

వారం తిరిగేసరికి ఆ అంకెలు కొంచెం పెరిగాయి. ఎందుకు పెరిగాయో ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ ఘనత పాలకవర్గానికే దక్కింది. వెంటనే అత్యవసర సమావేశం పెట్టి ఇలా తీర్మానించారు: "సంఘ పరిధిలోని సమస్త మిర్చి నిల్వలను నేటినుండి స్టేకింగ్ చేయబడిన నిల్వలుగా పరిగణించి, కాలం చెల్లిన బాండు విధానాన్ని రద్దుపరచి, తత్ స్థానే మిర్చి టోకెన్ ప్రవేశపెట్టడమైనది. ఇందు నిమిత్తం వికేంద్రీకృత మిర్చి ఎక్స్ఛేంజి స్థాపించడమైనది."

ఎక్స్ఛేంజి అంటే గోడకి తగిలించిన పెద్ద టీవీ. నా కౌంటరు తీసేసి దాన్ని అక్కడ పెట్టారు. నన్ను మాత్రం తీసెయ్యలేదు. వికేంద్రీకరణ సహాయకుడు అని పేరు మార్చి టీవీ కింద స్టూలు వేశారు. రైతులు ఏమడిగినా జవాబు చెప్పకూడదు. పొద్దున టీవీ పెట్టాలి, సాయంత్రం కట్టెయ్యాలి. ఈ రెండు పనులకీ నాకు ఒకరోజు శిక్షణ ఇచ్చారు.

టిక్కీని బయటికి తీసుకోవాలంటే నిష్క్రమణ వరుసలో పేరు నమోదు చేయించుకోవాలి. కొత్త టిక్కీ ఒకటి లోపలికి వస్తేగానీ పాతది బయటికి పోదు. తాళంలో ఉన్న సరుకు తగ్గితే టోకెన్ విలువ తగ్గుతుందట. మళ్ళీ పంట వచ్చేది వచ్చే మాఘంలో. అందుచేత వరుస చాలా క్రమశిక్షణతో, కదలకుండా నిలబడింది.

బయట మాత్రం టోకెన్ పరుగులు తీసింది. టోకెన్‌ని మళ్ళీ స్టేక్ చేస్తే దాని మీద ఇంకో టోకెన్ ఇచ్చారు. దాన్నీ స్టేక్ చేస్తే మూడోది ఇచ్చారు. ఏసీలో ఉన్న టిక్కీలు ముప్పైవేలు. వాటిని కాయగా ఒకసారి, టోకెన్‌గా ఒకసారి, టోకెన్ మీద టోకెన్‌గా ఇంకోసారి లెక్కపెట్టడంతో టీవీలో తొంభైవేలు కనిపించాయి. మా మండలంలో మిర్చి దిగుబడి మూడింతలైందని జిల్లా నుంచి అభినందనపత్రం వచ్చింది. అంత సరుకుకి చోటు చాలదని రెండో ఏసీ కట్టించారు. అందులో పెట్టడానికి ఏమీ లేకపోయినా తాళం వేసి కంప్రెసరు ఆన్ చేశారు. ప్రారంభోత్సవంలో లోపలికి వెళ్ళి వణుకుతూ బయటికొచ్చిన అతిథులు, చాలా చల్లగా ఉందని మెచ్చుకున్నారు.

ఇదంతా ఇలాగే సాగిపోయేది. మధ్యలో మా తిరపతమ్మ పిన్నికి విత్తనం అవసరం పడింది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. ఆవిడ చేలో పండేది కొమ్ముకాయ. మేకపిల్ల కొమ్ములా వంగి ఉంటుంది, ముదురెరుపు. వాళ్ళ అత్తగారి నాటినుంచీ వస్తున్న విత్తనం, ఏ దుకాణంలోనూ ప్యాకెట్లో దొరకదు. ఏటా చేనంతా తిరిగి, మంచి చెట్లు చూసుకుని, వాటికి పాత చీర పీలికలు కడుతుంది. ఆ చెట్ల కాయే విత్తనానికి ఉంచుతుంది. పోయినేడు ఇంట్లో పెడితే పందికొక్కులు సగం తినేశాయి. అందుకని ఈసారి ఒక్క టిక్కీ తెచ్చి ఏసీలో పెట్టింది. ఊరు మొత్తానికి కొమ్ముకాయ విత్తనం మిగిలింది అందులోనే.

ఆరుద్ర కార్తె పోయి పునర్వసు వచ్చింది. వాన పడింది. పిన్ని వచ్చి టీవీ ముందు నిలబడింది.

"ఒరే పిచ్చేశూ, నారు పొయ్యాలిరా. నా టిక్కీ దింపించు."

జవాబు చెప్పకూడదు కాబట్టి నేను టీవీ వైపు చూశాను. పిన్ని కూడా టీవీ వైపు చూసింది. తర్వాత నావైపు చూసిన చూపు మాత్రం నేను భరించలేకపోయాను. లేచి ఆవిణ్ణి అధ్యక్షులవారి గదిలోకి తీసుకెళ్ళాను. దక్షిణామూర్తి గారూ అక్కడే ఉన్నారు.

"అమ్మా, మీరు వరుసలో ఇరవైరెండువేల చిల్లర స్థానంలో ఉన్నారు," అన్నారాయన. "ఈలోగా మీ టోకెన్‌ని స్వేచ్ఛగా వినియోగించుకోవచ్చు."

"టోకెన్ చల్లితే మొలుస్తదా బాబూ?"

"మొలవదు. కానీ సాలీనా ఎనిమిది శాతం ప్రతిఫలం."

"మా కొమ్ముకాయ ఒక్కదాన్ని నలిపి చల్లితే డెబ్బై మొక్కలొస్తయి. అదెంత శాతమో నువ్వే చెప్పు."

దక్షిణామూర్తి గారు లెక్క వెయ్యబోయి మానేశారు. అధ్యక్షులవారు కల్పించుకుని, "అది కాదు తిరపతమ్మా. నీ ఒక్క టిక్కీ బయటికి పోతే అందరూ మాకూ మాకూ అంటారు. నమ్మకం దెబ్బతింటది. నీ విత్తనం మీదే ఈ సంఘం నిలబడి ఉందనుకో," అన్నారు.

"విత్తనం మీద నిలబడితే మొలకెట్టా వొస్తదయ్యా, పక్కకి జరగండి," అంది పిన్ని. ఎవరూ జరగలేదు.

ఆ మధ్యాహ్నం మా ఇంటి వసారాలో కూర్చుని పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు చాలా బాధ వేసింది. కోపం కూడా వచ్చింది. సహాయకుడిగా ఏమీ చెప్పకూడదు గానీ, అక్క కొడుకుగా చెప్పొచ్చు కదా అనుకుని నియమావళి తెచ్చి మొదటినుంచీ చదివి వినిపించాను.

అందులో ధ్రువీకర్తల అధ్యాయం ఒకటుంది. ఏసీలో ఎన్ని టిక్కీలున్నాయని టీవీ రోజూ ఉదయం అడుగుతుంది. ధ్రువీకర్తలు ఫోన్‌లో వేలు పెట్టి చెబుతారు. ఎక్కువమంది ఏది చెబితే అది సత్యం. దానికి భిన్నంగా చెప్పినవాడు అసత్యం పలికినట్టు. వాడి టిక్కీలకి కోత పడుతుంది. కోసిన సరుకుని బయటికి తెచ్చి బహిరంగంగా దహనం చేస్తారు. దానివల్ల మిగిలిన సరుకు అరుదై, టోకెన్ ధర పెరుగుతుంది. ఏసీలో టిక్కీ ఉన్నవాళ్ళెవరైనా ధ్రువీకర్త కావచ్చు.

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "ఏందీ, మళ్ళీ చదువు. కోసిందాన్ని యాడికి తెస్తారు?"

"బయటికి తెచ్చి కాలుస్తారు పిన్నీ."

"కాల్చేది తరవాత సంగతి. బయటికి తెస్తారుగా!"

పిన్ని మర్నాడే ధ్రువీకర్తగా చేరింది. మహిళా భాగస్వామ్యం కొరవడిందని పైనుంచి మాట పడుతున్న అధ్యక్షులవారు సంబరపడి శాలువా కప్పారు. ఇక ఆవిడ చెయ్యాల్సిందల్లా ఒక అబద్ధం చెప్పడం. అక్కడే వచ్చింది చిక్కు.

"నావల్ల కాదురా," అంది. "యార్డులో నా కాయ తేమగా ఉందని నేనే చెప్పి ధర పోగొట్టుకున్నదాన్ని. పోనీ, ఉన్న లెక్క చూసొచ్చి దానికి ఒక్క టిక్కీ కలిపి చెబుతా. అంతకు మించి అబద్ధం నా నోట రాదు."

ధ్రువీకర్తలెవరూ ఏనాడూ లోపలికి వెళ్ళలేదు, చలి అని. పిన్ని చెవులకి మఫ్లరు చుట్టుకుని, హమాలీల మేస్త్రి నాగూర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి, వరసలన్నీ చూసి, పళ్ళు కటకటలాడించుకుంటూ బయటికొచ్చింది. ముప్పైవేలు. ముప్పైవేల ఒకటి, ముప్పైవేల ఒకటి అని గొణుక్కుంటూ టీవీ ముందుకి చేరింది. సరిగ్గా అప్పుడే టీవీలో తక్కిన ధ్రువీకర్తల సమాధానాలు వరసగా వెలిగాయి. తొంభైవేలు, తొంభైవేలు, తొంభైవేలు.

కలపాల్సిన ఆ ఒక్కటీ పిన్ని మర్చేపోయింది. "అయ్యో అయ్యో, ముప్పైవేలే గదయ్యా ఉన్నయ్! ఇప్పుడే చూసొచ్చా!" అని అరిచి, ఆ కంగారులో అదే లెక్కకి వేలు పెట్టేసింది.

టీవీ ఎర్రగా మారింది. దక్షిణామూర్తి గారు పరుగున వచ్చారు. విచారణ అక్కడికక్కడే జరిగింది.

"మీరు చెప్పింది వాస్తవమే కావచ్చు," అన్నారాయన గంభీరంగా. "కానీ ఏకాభిప్రాయానికి భిన్నమైన వాస్తవాన్ని మా వ్యవస్థ అసత్యంగానే గుర్తిస్తుంది. ఒక టిక్కీ తేడా చెప్పి ఉంటే పొరపాటు కింద తీసుకుని పదోవంతు కోసేవాళ్ళం. అరవైవేల తేడా అంటే ఘోరమైన అసత్యం. నూటికి నూరు శాతం కోత!"

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తోందనుకుని అధ్యక్షులవారు దగ్గరికి వచ్చి, "ఊరుకో తిరపతమ్మా, ఏం చేస్తాం, కోడ్‌కి దయ ఉండదు," అని ఓదార్చారు.

దహన మహోత్సవానికి షామియానా వేశారు. సగానికి కోసిన డ్రమ్ములో మంట పెట్టారు. కోత పడిన సరుకంతా పక్కన అరుగు మీద పేర్చారు. వేలు పెట్టడం మర్చిపోయిన ధ్రువీకర్తల నుంచి కోసిన బుట్టెడు కాయలు ముందు, పిన్ని టిక్కీ వెనక. దక్షిణామూర్తి గారు కొరతకీ విలువకీ గల సంబంధం గురించి చాలాసేపు మాట్లాడారు. ఆయన పట్నంలో పుట్టి పెరిగారు. మంటలో మిరపకాయ పడితే ఏమవుతుందో ఆయనకి తెలియదు. అధ్యక్షులవారికి తెలుసు. కానీ తీర్మానంలో పొగ ప్రస్తావన లేదు.

అధ్యక్షులవారు బుట్ట ఎత్తి డ్రమ్ములో కుమ్మరించారు.

మొదటి దగ్గు ముఖ్య అతిథిది. ఆ తర్వాత ఎవరిది ఎవరిదో చెప్పలేం. వేదిక మీది వాళ్ళు కిందికి, కిందివాళ్ళు రోడ్డు మీదికి ఉరికారు. దక్షిణామూర్తి గారు ముక్కు పట్టుకుని బల్ల కింద దూరి, అక్కడ కూడా గాలి వికేంద్రీకృతమై ఉండడంతో మళ్ళీ బయటికొచ్చి, కనబడ్డ కారెక్కేశారు. అధ్యక్షులవారు దగ్గుతూనే వందన సమర్పణ చదవబోయి, మధ్యలో వదిలేసి ఇంకో కారు ఎక్కారు. అందరూ అద్దాలు బిగించుకున్నారు. మా సంఘం పెద్దలు రైతుల సమక్షంలో కన్నీరు కార్చడం చరిత్రలో అదే మొదలు.

నేను తడిగోనె కప్పుకుని షామియానా గుంజ పట్టుకుని ఉన్నాను. అరుగు మీదికి పిన్ని ఎక్కింది. మొహానికి తడి తువ్వాలు, కళ్ళు మాత్రం బయట. నాగూర్ మేస్త్రీ, అతని మనుషులూ రోజూ ఎలా కట్టుకుంటారో అలాగే ముక్కుకి గుడ్డలు కట్టుకుని వచ్చారు. టిక్కీ ఎత్తి ట్రాలీ ఆటోలో వేశారు. పిన్ని దాని మీద కూర్చుంది. ఆటో పొగలోంచి తొందరేమీ లేకుండా వెళ్ళిపోయింది.

దహనం పూర్తయిందా అని టీవీ అడిగింది. ధ్రువీకర్తలు కార్లలో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, అద్దాల్లోంచి ఏమీ కనబడకపోయినా, పూర్తయింది అని వేలు పెట్టారు. కాబట్టి పిన్ని టిక్కీ కాలిపోయింది. అది సత్యం.

ఆ సాయంత్రం టోకెన్ ధర ఎప్పుడూ లేనంత పైకి పోయింది.

ఆ తర్వాత మా ఊళ్ళో నిజం చెప్పేవాళ్ళు హఠాత్తుగా ఎక్కువయ్యారు. ఒకడు ధ్రువీకర్తగా చేరడం, లోపలికి వెళ్ళి చూడడం, చూసింది చెప్పడం, కోత వేయించుకోవడం. వారానికి రెండు దహనాలు. ప్రతిసారీ ఒక బుట్ట మంటలోకి, పెద్దలు కార్లలోకి, టిక్కీలు ఆటోల్లోకి. ఇంతమంది సభ్యులు ఒక్కసారిగా అసత్యానికి అలవాటుపడడం ఆందోళనకరమని దక్షిణామూర్తి గారు నివేదిక రాశారు. అయితే నిజం చెప్పినవాడల్లా వెళ్ళిపోతుండడంతో, మిగిలినవాళ్ళలో ఏకాభిప్రాయం మరింత బలపడింది. ఏసీ ఖాళీ అవుతున్నా టీవీలో తొంభైవేలు చెక్కుచెదరలేదు. ఈ స్థిరత్వానికి మెచ్చి ఆయనకి పదోన్నతి ఇచ్చి చేపల శాఖకి పంపారు.

చివరికి లోపల మిగిలినవి అధ్యక్షులవారి టిక్కీలు మాత్రమే. రెండు ఏసీల్లో కంప్రెసర్లు తిరుగుతూనే ఉన్నాయి.

మఖ కార్తెలో పిన్ని నారుమడి జానెడెత్తు లేచింది. నేను చూడ్డానికి వెళ్ళాను. ఆ పచ్చదనం చూస్తే కడుపు నిండినట్టయింది. కాసేపటికి వీరాంజనేయులు గారు మోటారుసైకిల్ మీద వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

"తిరపతమ్మా, రెండెకరాలకి కొమ్ముకాయ నారు కావాలి."

"నీ కాయలేమైనయ్యయ్యా, విత్తనం ఏరుకోరాదూ?"

"తాళంలో ఉన్నయ్."

"నిజం చెప్పి తెచ్చుకో. ఊరంతా తెచ్చుకున్నారుగా."

"అధ్యక్షుణ్ణి. నేనెట్టా చెబుతా?"

ఆ మాట అన్నప్పుడు ఆయన్ని చూసి నాకు నిజంగానే జాలేసింది. ఆయన ఫోను తీసి పిన్నికి చూపించారు. "ఊరికే ఇయ్యొద్దు. ఇందులో నా టోకెన్లున్నయ్. ఎన్ని కావాల్నో తీసుకో."

పిన్ని ఫోను వంక చూసింది. వంగి, గట్టు మీద రాలిన ఎండుమిరప తొడిమ ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"నారు మళ్ళోనే ఉంటదయ్యా, పెరగతా ఉంటది. ఇది నువ్వు పట్టుకుపో. అమ్ముకుంటావో, దీని మీద అప్పు తెచ్చుకుంటావో నీ ఇష్టం."

ఆయన తొడిమని అటూ ఇటూ తిప్పి చూశారు. కోపం వస్తుందేమో అనుకున్నాను. సిగ్గుపడతారేమో అని కూడా అనుకున్నాను. ఆయన దాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, బండి స్టార్టు చేసి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగారు.

"దీని మీద ఏడాదికి ఎంత వస్తదంటావ్?"

పిన్ని మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకి వెళ్ళి రిమోటు నొక్కాను. రాత్రి అధ్యక్షులవారు స్వయంగా వచ్చి ఏదో చిన్న పొట్లం ఏసీలో పెట్టి తాళం వేయించారని నాగూర్ మేస్త్రి చెప్పాడు. టీవీ వెలిగింది. ఏసీలో ఉన్న టిక్కీలు తొంభైవేల ఒకటి.